కళ్లు మూసుకుని వేసే ముడి

మంగళవారం పొద్దున బస్సు ఖిదిర్‌పూర్ దాటుతుండగా మా ల్యాబులో సామాను చూసుకునే, మేమంతా అన్నయ్య అన్నట్టు ‘దాదా’ అని పిలిచే బెంగాలీ ఆయన ఫోన్ చేశాడు. “దీదీ, మేడమ్ ఆర్ నేయ్,” అన్నాడు. మా మేడమ్ ఇక లేరు. ఏడవడానికి ముందు నేను చేసిన పని చెబితే నవ్వుతారు. కళ్లు మూసుకుని చున్నీ కొసలకు ముడి వేశాను. భయంతో వేశాను. నిలిచిందో లేదో లాగి చూసే ధైర్యం లేక విప్పేశాను.

ఆవిడ మెదడు మీద పరిశోధన చేసిన మనిషి. శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన లిలువా రైల్వే వర్క్‌షాపు కార్మికుడి కూతురు. సభల్లో నిక్కచ్చి ఇంగ్లీషు, మా దగ్గర మాత్రం శ్రీకాకుళం తెలుగు. ముసలితనంలో మతి పోయేటప్పుడు మొదట ఏది పోతుందో తెలుసుకోవడానికే ఆవిడ జీవితమంతా పెట్టారు.

ఆవిడ నాకు పరిచయమైంది మా నాన్న వల్ల. ఆయన రేవులో క్రేనుకు బస్తాలు కట్టేవాడు. రిటైరయ్యాక ఓసారి దారి తప్పితే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ కాగితం, పెన్సిలు ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. పుట్టి బుద్ధెరిగాక పెన్సిలు పట్టని నాన్న చెమటలు కక్కుతూ గుమ్మడికాయ లాంటిదేదో గీశాడు. మతిమరుపు జబ్బని రాసేశారు. ఆ కాగితం పట్టుకుని, నాన్నను వెంటబెట్టుకుని, ఎవరో చెబితే అదే ఆసుపత్రిలో ఉన్న మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ దాన్ని చూసి పక్కన పడేశారు. దాదాను పంపి రెండు మూరల తాడు తెప్పించారు.

“కళ్లు మూసుకోని మీ ముడి ఏయండి, బావూ.”

నాన్న చిటికెలో వేశాడు. ఎంత లాగినా జారని ముడి. “ఇదేటి, ఇది కూడా పరీచ్చేనా?” అన్నాడు.

“పెన్సిలు పట్టని సెయ్యిని పెన్సిలుతో కొలిస్తే తప్పెవుడిది?” అని మేడమ్ నా వైపు తిరిగారు.

ఆ తాడుతోనే ఆవిడ పని మలుపు తిరిగింది. రేవు పనివాళ్లకు తాడు, దర్జీలకు సూది, అప్పడాలు ఒత్తే ఆడవాళ్లకు పిండిముద్ద ఇచ్చి చూశారు. మొదట నవ్వినవాళ్లే తర్వాత ఆవిడ వ్యాసాలు చదివి తమ ఊళ్లలో పరీక్షలు మార్చుకున్నారు. నేను ఆవిడ శిష్యురాలినయ్యాను. అనుమానాలు దాచితే ఊరుకునేవారు కాదు. “బయమేస్తే బయమేసిందని కూడా రాయి,” అనేవారు.

ఏళ్ల తర్వాత ఒక శనివారం తలుపు వేసి, ఆ తాడు తీశారు. నాలాగే ఆవిడా ఎప్పుడో నాన్న దగ్గర ఆ ముడి నేర్చుకున్నారు. “నెలకోపాలి నాను కళ్లు మూసుకోని ఏస్తాను. నువ్వు లాగి సూడు. జారిన నాడు సెప్పీయాల.”

ఎందుకని అడగలేదు. ముందు వారమే ఆవిడ దాదా పేరు కోసం తడుముకోవడం చూశాను.

కొన్ని నెలలు ముడి నిలిచింది. ఒకనాడు లాగగానే జారిపోయింది. ఆవిడ ఇంకా కళ్లు తెరవలేదు. గబగబా నేనే మళ్లీ వేసి, “బాగుంది మేడమ్,” అన్నాను.

ఆవిడ కళ్లు తెరిచి ముడిని అటూ ఇటూ తిప్పి చూశారు. “మీ తండ్రీకూతుళ్లది ఎడం సెయ్యి. నా ముడి కుడికి తిరుగుతాది. ఇది నీది.” కోప్పడలేదు. పుస్తకంలో తన చేత్తోనే రాసుకున్నారు: ‘ముడి జారింది. చూసిన పిల్ల భయపడి అబద్ధమాడింది.’

పుస్తకం మూసి అన్నారు: “నాకూ బయమేస్తోందే. నువ్వు అబద్దం సెప్తే నానొక్కదాన్నే బయపడాల.”

ఆ తర్వాత ప్రతి నెలా నిజమే చెప్పాను. నేనెవరో ఆవిడకు తెలియని నాడు కూడా, ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని, జారిందనే చెప్పాను.

నాకూ యాభై దాటాయి. ఈ మధ్య దిగాల్సిన స్టాపు మరిచి దాటిపోతున్నాను. ఎవరికీ చెప్పలేదు. నిన్న దాదా ఆ తాడు తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో నాన్న చూడగానే గుర్తుపట్టాడు.

“ఏటే గుంటా, దాన్ని అలగ ఒగ్గకుండా అట్టుకున్నావు?”

స్టాపుల సంగతి చెప్పేశాను. ఆయన నా చేతిలోది తీసుకుని మెలికలు విప్పాడు. తర్వాత తాడు నా ఒళ్లో పెట్టాడు. “కళ్లు మూసుకో.”

“జారితే జారిందని సెప్పీ నాన్నా.”

“సెప్తాను.”

వేశాను. తాడు నా వేళ్లలోంచి వెళ్లింది. నాన్న దాన్ని లాగిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరవలేదు. ఏమీ చెప్పకముందే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.