లస్మవ్వ పీల్చిన పసుపు

ఆర్మూర్ మార్కెట్ వెనుక పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పి నునుపు చేసే పనిలోనే లస్మవ్వ సగం జీవితం గడిచింది. డ్రమ్ము తిరిగినంతసేపూ దుమ్ము లేచేది. తోటి ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకున్నా లస్మవ్వ మొండికేసేది. "పసుపు మందే గద, లోపటికి పోతే మంచిదే," అనేది. దెబ్బ తగిలితే పసుపే అద్దింది, దగ్గొస్తే పాలలో పసుపే కలుపుకుని తాగింది.

చివరికి ఆయాసం ముదిరితే కోడలు వినోద ఆమెను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. ఊపిరితిత్తులు వాచాయన్నాడు డాక్టర్. ఆ వాపుకు పసుపులోని ఒక పదార్థం పనికొస్తుందేమోనని ఎలుకల మీద పరీక్షిస్తున్నారని, మందుగా ఇంకా రాలేదని మాటల్లో మాటగా చెప్పాడు.

"నేను గంత పీల్చిన గద సారూ," అంది లస్మవ్వ.

"నువ్వు పీల్చింది మందు కాదమ్మా, దుమ్ము. వాపు దాంతోనే వచ్చింది."

మర్నాడు వినోద అదే డ్రమ్ము పనికి బయలుదేరింది. లస్మవ్వ గోడ పట్టుకుని లేచి, తన పాత చీర చింపి, కోడలి ముక్కుకు గుడ్డ కట్టింది.

"పసుపే గదత్తా, మందే గద," అంది వినోద, అత్త మాటనే అత్తకు అప్పజెబుతూ.

జవాబు చెప్పడానికి లస్మవ్వకు ఊపిరి చాలలేదు. ముడిని ఇంకాస్త బిగించింది.