పాపాత్తక్క నోరు తెరవని మాట

పాపాత్తక్కకి చచ్చిపోయిన జెన్సి పట్టిందని మా మిల్లులో చెప్పుకునేవాళ్ళు. బతికినప్పుడు జెన్సి ఆమె పక్క మిషనులోనే పని చేసిందంట. చచ్చినాక కూడా ఆ పక్కను వదలలేదంట. అందుకే పాపాత్తక్క నోరు మూసుకొని ఏదో భాషలో ఊఁ ఊఁ అని మాట్లాడుతుందంట. అది మనుషుల భాష కాదంట, మట్టి కింద ఉండేవాళ్ళు మాట్లాడుకునే భాషంట. నోరు తెరిస్తే మట్టి పడుతుంది గదా, అందుకే మూసుకొనే మాట్లాడతారంట. ఈ కడపటి మాట చేర్చింది క్యాంటీనులో టీ పోసే కళైసెల్వి. ఆమె చెప్తా ఉంటే చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడేవి.

నేను మిల్లుకి వచ్చేసరికి జెన్సి లేదు. ఆమెను నేను చూసింది పోస్టరులోనే. బస్టాండు పక్క గోడ మీద 'కణ్ణీర్ అంజలి', అంటే కన్నీటి నివాళి, అని పెద్ద అరవ అక్షరాలు, కింద ఆమె ఫోటో, దాని కింద ఆమె నాయన ఆరోక్కియరాజ్ పేరు. వానకి సగం చిరిగిపోయినా కండ్లు మాత్రం మిగిలినాయి. షేర్ ఆటో ఎక్కేటప్పుడు ఆ కండ్లను చూసి నేను తల వంచుకునేదాన్ని.

నేను తొమ్మిదో క్లాసుతో బడి మానినదాన్ని. మిల్లులో దూది పీల్చి పీల్చి అమ్మకి ఊపిరి ఆడకుండా పోతే, ఆమె చోటుకి నేను వచ్చినాను. పాపాత్తక్క పక్కన వేసినారు. తెగిన నూలును తిరిగే మిషనులోనే పట్టి అతికించేది ఎట్లనో ఆమె చేతులు పట్టుకొని చూపించింది. స్పిన్నింగు హాలులో మాట వినపడదు. చెవి దగ్గర అరిచినా వినపడదు. అరవడానికి నోరు తెరిస్తే దూది పొట్టు గొంతులోకి పోతుంది. అందరూ చేతులు ఊపుకుంటారు, కనుబొమ్మలు ఎగరేస్తారు, అంతే. ఆ ఇద్దరు మాత్రం, పాపాత్తక్కా జెన్సీ, పక్కపక్కనే నిలబడి ఒక భాష చేసుకున్నారు. దాన్ని నాకు నేర్పే ముందు పాపాత్తక్క నన్ను చాలా దినాలు చూసింది. నేను ఎవరి దగ్గరా వాగనని తెలిసినాకనే నేర్పింది.

ఆ భాష ఇట్లా ఉంటుంది. మిషను ఎప్పుడూ ఒకే శ్రుతిలో మోగుతా ఉంటుంది. నోరు మూసి ఆ శ్రుతికి పైన ఊఁ అంటే 'నేను'. కింద అంటే 'నువ్వు'. కింద మొదలుపెట్టి మిషను మోతను దాటి పైకి ఎక్కితే నీళ్ళు. పై నుంచి కిందికి జారితే నూలు. ఎక్కి జారితే, కొండ మాదిరి, అది పోవడం. జారి ఎక్కితే, బావి మాదిరి, అది రావడం. ఊఁ ఒక్కటే. ఎక్కడ ఎత్తుకొని ఎక్కడ విడుస్తామనే దాంట్లోనే అంతా ఉంది. ఎవరు అనేది ముందు, ఏమిటి అనేది తరవాత, చేసే పని కడపట, మన మాటల వరసే. అయిపోయిన పనైతే తోక టక్కున కత్తిరించాలి. ఇంక చేయాల్సిన పనైతే తోక లాగాలి. ఏమైనా అడగాలంటే మొదట అన్న ఊఁనే కడపట మళ్ళా సన్నంగా అనాలి. నువ్వు, మీరు అనే తేడా లేదు. సూపర్వైజరు కృష్ణసామికీ గేటు దగ్గర పడుకునే కుక్కకీ ఒకటే మర్యాద. ఈ సంగతి చెప్పినప్పుడు పాపాత్తక్క ముక్కుకు కట్టుకున్న గుడ్డ లోపల నవ్వి నవ్వి దగ్గింది.

'లేదు', 'వద్దు' అనేదానికి మిషను శ్రుతిలోనే ఊఁ అనాలి. అది మిషను మోతలో కలిసిపోతుంది, ఎవరికీ వినపడదు. గొంతు కదిలేది చూసి తెలుసుకోవాలి.

"వినపడని మాట ఎందుకక్కా?" అని క్యాంటీనులో అడిగినాను.

"లేనిదానికి శబ్దం ఎందుకే?" అన్నది.

ఆమెకు ఆ భాష బాగా పట్టుకుంది. మిల్లు బయట కూడా తెలియకుండానే వచ్చేది. బస్సులో, కొళాయి దగ్గర, చీపురు పట్టుకున్నా. అప్పుడే కత మొదలయింది.

"ఏమే కణ్మణీ, నిన్నూ పట్టిందా?" అని కళైసెల్వి నా గ్లాసులో టీ పోస్తా అడిగేది. "ఆ పక్క నిలబడొద్దే. అది వేదక్కార దెయ్యం, కిరస్తానుల పిల్లది. మన ఊరి దేవుడు మాడసామికి భయపడాలా, చర్చి ఫాదరుకి భయపడాలా, పాపం దానికే తెలియదు."

"ఇద్దరికీ భయపడకపోతే కృష్ణసామి సారును పంపిద్దాం. ఆయన్ని చూస్తే దెయ్యమే రాజీనామా ఇస్తుంది" అని ఇంకొకతె.

అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి, పాపాత్తక్క వస్తే లేచి పోయేవాళ్ళు.

నాకు నలుగురిలో తినాలంటే సిగ్గు. పాడైన దూది మూటలు వేసే షెడ్డు వెనకకి పోయి తినేదాన్ని. ఒక మధ్యాహ్నం అక్కడ పాపాత్తక్క నాకు వీపు పెట్టి కూర్చొని ఉంది. చేతిలో చిన్న బటను ఫోను. 'నువ్వు నీళ్ళు తాగినావా' అని ఊఁ భాషలో అన్నది. తనలో తానే అనుకుంటా ఉందనుకున్నాను.

ఫోను బదులు చెప్పింది.

పైన ఒక ఊఁ, ఎక్కే ఊఁ, తోక కత్తిరించిన ఊఁ. 'నేను నీళ్ళు తాగినాను.' సన్న గొంతు. పాపాత్తక్క గొంతు కాదు.

నా చేతిలో నుంచి పులుసన్నం డబ్బా జారి పడింది. ఆ భాష తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే. ఒకరు నా ముందర ఉంది, ఒకరు నేను, ఇంకొకరి ఫోటో గోడ మీద ఉంది. షెడ్డు గోడకి ఆనుకొని నిలబడిపోయినాను.

పాపాత్తక్క తిరిగి చూసి ఫోను ఆపేసింది.

"ఎవరక్కా అది?"

"ఎవరో నీకు తెలిసింది గదా."

"ఆమె చచ్చిపోయింది గదక్కా! పోస్టరు..."

"చావలేదే పిచ్చిదానా. లేచిపోయింది. సత్రపట్టి తమిళ్సెల్వనుతో. కూతురు లేచిపోతే ఇక్కడ కొందరు అదే గదా చేస్తారు? తలకి నీళ్ళు పోసుకొని, చచ్చిందని పోస్టరు అంటించేస్తారు. తెలిసినవాళ్ళు ఆ నాయన మానం పోతుందని నోరెత్తరు. నీ మాదిరి కొత్త పిల్లలు నిజమనుకుంటారు."

అప్పుడు నాకు పట్టిన భయం దెయ్యం భయం కాదు. బతికి ఉన్న పిల్ల ఫోటోని, ఆమె నాయనే, చేతులతో జిగురు పూసి గోడకి అంటించినాడు. నేను దినమూ దండం పెట్టకుండా పోయినందుకు భయపడిన కండ్లు అవి.

జెన్సి తళవాయిపురంలో ఒక గదిలో ఉండి నైటీలు కుడుతూ ఉంది. కడుపుతో ఉంది, నెలలు నిండుతా ఉన్నాయి. మొగుడు మగ్గానికి పోతే అడగడానికి ఎవరూ లేరు. కాలు వాచిందా, కడుపులో బిడ్డ కదిలిందా అని పాపాత్తక్క ఒకతే అడిగేది. పాపాత్తక్క ఇంటికీ ఆరోక్కియరాజ్ ఇంటికీ మధ్య గోడ ఒకటే. "దొరికితే ఆ పోస్టరుని నిజం చేస్తా" అని ఆయన కత్తి నూరినది ఆమె ఆ గోడకి ఇవతల నుంచి విన్నది. పేరెత్తి మాట్లాడే దారి లేదు. అందుకే ఊఁ.

"ఫోనులో మిషను లేదు గదా" అన్నది పాపాత్తక్క. "లేదు అనేది మొదటిసారి చెవికి వినపడింది. విని ఇద్దరమూ ఏడ్చినాము."

ఆ వారమే మిల్లు హాస్టలులో ఉండే పిల్లలు పాపాత్తక్క వైపు మిషనులో నిలబడేది లేదని చెప్పేసినారు. కృష్ణసామి సారు ఆమె మొగుడు అళగర్‌ను పిలిపించి, "దెయ్యాన్ని దించి తీసుకొనిరా అళగర్. లేకుంటే రావద్దని చెప్పు" అన్నాడు. అళగరన్న కోడాంగిని మాట్లాడినాడు. ఉడుకై అనే చిన్న డప్పు కొట్టి దెయ్యం దించే మనిషి.

"నిజం చెప్పెయ్ అక్కా, జెన్సి బతికే ఉందని" అన్నాను.

"ఎక్కడ ఉందని అడుగుతారు గదా, అప్పుడు?"

ఆదివారం పొద్దున్నే వీధి చివర చింతచెట్టు దగ్గర పాపాత్తక్కను కూర్చోబెట్టినారు. తల మీద పసుపు నీళ్ళు పోసినారు. వీధి అంతా వచ్చింది. కళైసెల్వి బిడ్డను చంకన వేసుకొని ముందు వరసలో నిలబడింది. ఆరోక్కియరాజ్ మామ అందరి వెనక చేతులు కట్టుకొని నిలబడినాడు.

ఉడుకై మోగింది. "ఎవరు నువ్వు? పేరు చెప్పు!"

పాపాత్తక్క కండ్లలోకి కారిన పసుపు నీళ్ళు తుడుచుకున్నది.

"వేదక్కార దెయ్యం సామీ, చర్చి జపం చెప్పమని అడుగు" అని ఎవరో అన్నారు. నవ్వినారు. కోడాంగి నవ్వలేదు. వేపమండలతో వీపు మీద కొట్టినాడు. ఒట్టి ఆకులతో అనుకున్నాను. కాదు, కట్టె పక్కతో. జాకెట్టు మీద ఎర్రగా గీత లేచింది. అళగరన్న మొగం తిప్పుకున్నాడు.

అప్పుడు ఆరోక్కియరాజ్ మామ జనాన్ని తోసుకొని ముందరికి వచ్చినాడు.

"పేరెందుకు? ఎక్కడ ఉందో అడుగు."

ఏ చెట్టులో ఉంది, ఏ కాలవలో ఉంది అని అడుగుతున్నాడని జనం అనుకున్నారు. ఆయన ఏమి అడుగుతున్నాడో తెలిసింది ముగ్గురికే. ఆయనకీ, ఆమెకీ, నాకూ.

"ఎక్కడ ఉన్నావు? చెప్పు!" మళ్ళా దెబ్బ. ఇంకొకటి. నేను ఓర్చుకోలేకపోయినాను. ఎప్పుడూ నలుగురి ముందు నోరు తెరవనిదాన్ని, కాలు ముందుకు వేసి నోరు తెరిచినాను.

పాపాత్తక్క నా వైపు చూసి ఊఁ అన్నది. ఎక్కనూ లేదు, జారనూ లేదు. మిషను శ్రుతి. అక్కడ మిషను లేదు, అందరికీ వినపడింది. ఆడవాళ్ళు అరిచి వెనక్కి పడినారు, కళైసెల్వి బిడ్డ గట్టిగా ఏడ్చింది. నాకు మాత్రం అది ఉత్త 'వద్దు'. నిలిచిపోయినాను.

అప్పుడు ఆమె కొప్పు విప్పుకొని తల ఊపింది. "నేను జెన్సిని" అన్నది. గొంతు సన్నంగా చేసుకొని, అచ్చం ఆ ఫోనులో గొంతు మాదిరి. "బావిలో పడినాను నాయనా. ఎవరూ తొయ్యలేదు. నన్ను వెతకొద్దు."

ఆరోక్కియరాజ్ మామ నవ్వుతాడనుకున్నాను. పోస్టరు అబద్ధమని అందరికంటే తెలిసినవాడు ఆయనే గదా. ఆయన నవ్వలేదు. దుమ్ములో కూలబడినాడు.

"ఏ బావి అమ్మా?" అని అడిగినాడు. "ఎప్పుడు పడితివి?" అని మళ్ళా అడిగినాడు. పాపాత్తక్క కాళ్ళు పట్టుకొని నుదురు నేలకి కొట్టుకున్నాడు. "పోస్టరు ఊరికే వేసినానమ్మా. కోపానికి. నాయన ఊరికే వేసినాడమ్మా."

జనం శవం దగ్గర నిలబడినట్లు నిలబడినారు. నేను పాపాత్తక్క గొంతునే చూస్తా ఉన్నాను. అది పైకి కదిలింది, కిందికి కదిలింది. బతికే ఉందని ఒక్క మాట అంటే చాలు. ఆమె కండ్లు గట్టిగా మూసుకున్నది. కోడాంగి ఆమె జుట్టులో ఒక పాయ కత్తిరించి చింతచెట్టుకి మేకుతో కొట్టేసినాడు. దెయ్యం దిగిందని అళగరన్న దండం పెట్టినాడు.

మరుసటి దినం షిఫ్టుకి పోతా బస్సులో అడిగినాను. "మామ మారినాడేమో అక్కా?"

"మారినాడేమో" అన్నది. "మారకపోతే? తప్పుగా నమ్మితే పోయేది నా ప్రాణం కాదు గదే."

కృష్ణసామి సారు ఆమెను మళ్ళా అదే మిషనులో నిలబెట్టినాడు. హాస్టలు పిల్లలు దగ్గరికి వచ్చినారు. ఆమె హాలులో ఆ భాష మానేసింది. అందరి మాదిరి చెయ్యి ఊపుతుంది, కనుబొమ్మ ఎగరేస్తుంది.

ఆరోక్కియరాజ్ మామ చర్చిలో కూతురి ఆత్మశాంతికి పూజ పెట్టించినాడు. ఈసారి పోస్టరు వెయ్యలేదు. పక్కింటివాళ్ళు గాబట్టి పాపాత్తక్క పోక తప్పలేదు. కత్తిరించిన జుట్టు మీద కొంగు కప్పుకొని కడపటి బెంచీలో కూర్చున్నది. తోడుకి నన్ను తీసుకొనిపోయింది. మామ మోకాళ్ళ మీద నుంచి లేవలేకపోతే ఆమే పోయి చెయ్యి ఇచ్చి లేపింది.

ఇప్పుడు జెన్సీ వాళ్ళు తళవాయిపురంలో లేరు. ఏ ఊళ్ళో ఉన్నారో రాయను. చాలా దినాలయినాక, వాళ్ళు దూరం పోయినాక, కూతురు బతికే ఉందనే సంగతి మామకీ చేరింది. ఇంక రాయొచ్చని పాపాత్తక్కే చెప్పింది. మిల్లులో కత మాత్రం ఇంకా పెద్దదయింది. ఇప్పుడు దాంట్లో బావి ఉంది, చింతచెట్టు ఉంది, కూతురి దెయ్యం నాయనతో మాట్లాడింది ఉంది. కళైసెల్వి కొత్త పిల్లలకి టీ పోస్తా అంతా చెప్తుంది.

చర్చిలో పూజ జరిగిన దినం పొద్దున్నే గవర్నమెంటు ఆస్పత్రిలో జెన్సికి ఆడబిడ్డ పుట్టింది.