లమై టీచరు మర్చిపోయే అంకెలు

లమై టీచరు ఏదీ ముందు నుంచి లెక్కపెట్టదు. లోకమంతా ఒకటితో మొదలుపెడితే ఆవిడ ఎక్కడో పైన మొదలుపెట్టి ఒకటి దగ్గరికి దిగుతుంది. మెట్లు దిగినా అంతే, ఎక్కినా అంతే. పిల్లల చెప్పులు సర్దినా, పాలపొట్లాలు పంచినా అంతే. గుడి ఆవరణలోని పిల్లల బడిలో ముప్ఫై ఏళ్లుగా నాలుగైదేళ్ల వాళ్లకి ఆవిడ చెప్పే మొదటి పాఠం పది, తొమ్మిది, ఎనిమిది. మరి ఒకటి, రెండు, మూడు సంగతేమిటని ఎవరైనా అడిగితే, "అవి వాళ్ల అమ్మమ్మలు ఇంట్లోనే నేర్పేస్తారు. ఇంక నాకేం మిగిల్చారు?" అంటుంది.

నోంగ్‌సిమ్ ఊరు ఈ అలవాటుని నవ్వుకుంటూ భరించింది, ఒక్క ఫికున్ తప్ప.

ఫికున్ బడి గేటుకి ఎదురుగా పచ్చి బొప్పాయి దంచి అమ్ముతుంది. రోలు ముందు కూర్చున్న మనిషికి చేతులకే పని, కళ్లు ఖాళీ. ఆ ఖాళీ కళ్లతో ఆవిడ లోకాన్నంతా అనుమానిస్తుంది. చేప సాసు తెచ్చేవాడు నీళ్లు కలుపుతాడని అనుమానం. గుడి కుక్క తన కోడిని చూసి తోక ఊపితే ఆ ఊపులో ఏదో ఉందని అనుమానం. వాన రాకపోతే ఎందుకు రాలేదని, వస్తే ఇవాళే ఎందుకొచ్చిందని అనుమానం.

లమై టీచరు మధ్యాహ్నం బొప్పాయికి వచ్చిందంటే గొడవే.

"ఎన్ని మిరపకాయలు?"

"నువ్వు వేస్తుండక్కా, నేను చెప్తాను. మూడు... రెండు... ఒకటి. చాలు."

"మూడు అని ఒక్కసారి చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"అలా చెప్తే చెయ్యి జారిందని నాలుగోది వేస్తావు. ఒకటి అన్నాక ఇంకోటి వెయ్యాలంటే నీకే సిగ్గేస్తుంది."

ఫికున్‌కి చెయ్యి జారే అలవాటున్న మాట నిజమే. అది ఈవిడకెలా తెలిసిందన్నది కొత్త అనుమానం.

పొద్దున్నే భిక్షువులు తొమ్మిది మంది వరసగా వస్తారు. వీధి పక్కన మోకాళ్ల మీద కూర్చుని లమై టీచరు "తొమ్మిది, ఎనిమిది" అని గొణుక్కుంటూ ఒక్కో పాత్రలో జిగురన్నం ముద్ద పెడుతుంది. చివరి భిక్షువుకి చివరి ముద్ద, బుట్ట ఖాళీ. పక్కనే ఫికున్ ఒకటి నుంచి మొదలుపెట్టి ధారాళంగా పెట్టుకుంటూ పోతుంది. ఏడో ఆయన వచ్చాక బుట్టలోకి తొంగిచూసి కంగారుపడుతుంది. ఎనిమిదో ఆయనకి ఉసిరికాయంత, తొమ్మిదో ఆయనకి చింతగింజంత.

"ఆ చివరాయన ఏటేటా చిక్కిపోతున్నాడక్కా. అంతా నీ పుణ్యమే," అంది లమై ఒకరోజు.

ఫికున్ వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఈ ఏడు ఫికున్ మనవరాలు బడిలో చేరింది. దాని ముద్దుపేరు పూ, అంటే పీత. ఇంట్లో దాని నోటికి హద్దు లేదు. కోడిపుంజుని తిడుతుంది, రేడియోకి ఎదురు చెబుతుంది. గడప దాటిందా, పెదవులు అతుక్కుపోతాయి. బడికెళ్లి రెండు నెలలైనా దాని గొంతెలా ఉంటుందో అక్కడ ఒక్కరికీ తెలియదు.

సరిగ్గా ఆ రెండు నెలల్లోనే లమై టీచరుకి మరుపు మొదలైంది.

ఫికున్ కొట్టులో కూర్చుంటే బడి కిటికీలోంచి వరసగా పిల్లల వీపులు, వాటి మీదుగా టీచరు మొహం కనిపిస్తాయి. "పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు..." అంటూ ఆవిడ ఠక్కున ఆగిపోయేది. పిల్లలు ఆరు అని అరవబోతే వేలెత్తి ఆపేది. నోరు తెరుచుకుని, వెర్రి చూపులు చూస్తూ అలా నిలబడిపోయేది. ఫికున్ రోట్లో ఇరవై పోట్లు పడేదాకా అలాగే ఉండి, చివరికి వేలు దించేది. పిల్లలు గొంతు చించుకుని అందించేవారు.

"అవునర్రా, ఆరే కదూ!"

ఒక్కోరోజు రెండు చోట్ల ఆగేది. ఇవాళ ఆగిన చోట రేపు ఆగేది కాదు.

ఈ సంగతి ముందు పట్టుకున్నవాడు సవెంగ్. నారింజరంగు చొక్కా వేసుకుని గేటు దగ్గర అద్దె మోటార్‌సైకిలు మీద బేరాల కోసం కూర్చుంటాడు. బేరాలు తప్ప అన్నీ గమనిస్తాడు. నెలలో రెండుసార్లు లాటరీ తీస్తారు కదా, ఒకసారి సరిగ్గా దానికి ముందురోజు టీచరు ఆరు దగ్గరా, రెండు దగ్గరా మర్చిపోయింది. మర్నాడు లాటరీలో చివరి రెండంకెలు అరవై రెండు!

బల్లి తోకలోనూ, కూలిన చెట్టు మొద్దులోనూ అంకెలు వెతికే ఊరు అది. సాక్షాత్తూ అంకెలు చెప్పే మనిషే అంకెలు మర్చిపోతుంటే ఊరుకుంటుందా? ఆ తర్వాత ప్రతి లాటరీకి ముందురోజూ బడి కిటికీ దగ్గర తిరునాళ్లే.

"నువ్వెందుకురా ఇక్కడ?" అని ఫికున్ ఒకణ్ని నిలదీసింది.

"మా వాడి చెప్పు పోయింది పిన్నీ, వెతుక్కుందామని."

"నీకు పెళ్లే కాలేదు కదరా!"

"రేపయ్యాక వెతుక్కోకూడదా?"

ఫికున్ సవెంగ్ వైపు తిరిగింది. "ఏరా, ఆవిడా నువ్వూ కూడబలుక్కున్నారా?"

"ఒట్టు పిన్నీ! ఆవిడకేం తెలీదు. దేవతలెవరో ఆ నోరు మూస్తున్నారు."

"దేవతలూ కాదు, దెయ్యాలూ కాదు. బుర్ర చెడింది. పది లెక్కపెట్టడం రాని మనిషి చేతిలో మన పిల్లల్ని పెట్టాం. నా పీత అందుకే నోరు విప్పడం లేదు."

ఆ మధ్యాహ్నమే ఫికున్ కొట్టు మూసి, పంచాయతీ లాంటి తంబోన్ ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు రాయించి వేలిముద్ర వేసి వచ్చింది.

విచారణకి విచియన్ అనే ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగకుండా పిల్లల కుర్చీలో కూర్చోవడం ఎలాగో తెలియక కాసేపు అవస్థపడి, విషయం చెప్పాడు. టీచరు పిల్లల ముందే పది నుంచి ఒకటి దాకా తడబడకుండా లెక్కపెట్టాలి. తప్పితే రేపటి నుంచి పిల్లల దగ్గర కాదు, ఆఫీసులో ఫైళ్ల దగ్గర కూర్చోవాలి. రిటైరయ్యే దాకా, అంటే ఇంకా రెండేళ్లు, అక్కడే.

లమై టీచరు మొహం మొదటిసారి పాలిపోయింది. "ఫైళ్లా? అవి నాతో మాట్లాడవు కదండీ!"

"అదే మంచిది. పిల్లలూ, ఎవరైనా అందించారో, ఊరుకోను. గాలి కూడా గట్టిగా పీల్చకూడదు."

ఆ రోజు కూడా లాటరీకి ముందురోజే కావడంతో కిటికీ నిండా తలకాయలు. ఫిర్యాదీ కాబట్టి ఫికున్‌ని ఆఫీసరు పక్కనే, పిల్లలకి ఎదురుగా కూర్చోబెట్టారు. ఇన్నాళ్లూ వీపులు చూసిన ఆవిడకి మొదటిసారి మొహాలు కనిపించాయి. మూడో వరసలో పూ బిగించిన పెదవులతో కూర్చుని ఉంది.

"పది, తొమ్మిది, ఎనిమిది," అంది టీచరు, గడగడా. ఆఫీసరు తల ఊపాడు.

పూ పెదవులు కదిలాయి.

టీచరు ఆగిపోయింది.

ఫికున్ అటు చూసింది, ఇటు చూసింది. టీచరు నోరు తెరుచుకునే ఉంది గానీ కళ్లలో మరుపు లేదు. కొలనులో గాలం వేసినవాడు బెండు వైపు చూసినట్టు పీత పెదవుల వైపే చూస్తున్నాయి. ఆఫీసరు కలం విప్పాడు. లమై టీచరుకి ఆ చప్పుడు వినిపించింది. ఏడు అంటే చాలు, పిల్లలు దక్కుతారు. అనలేదు.

ఎవరూ అందించడం లేదు. రెండు నెలల్లో ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, కుండ మీద మూత జరిగినంత చిన్నగా, "ఏడు," అని వినిపించింది.

కిటికీలో ఎవరో "ఏడు!" అని పక్కవాడి చెవిలో ఊదారు.

"ఏడే కదూ," అంది టీచరు, గొంతు సవరించుకుని. "ఆరు, ఐదు, నాలుగు..." మళ్లీ ఆగింది.

ఈసారి పీతకి చిరాకొచ్చింది. "మూడు! ఎన్నాళ్లు చెప్పాలి నీకు? నేను మనసులో చెప్తూనే ఉన్నాగా!" అని లేచి నిలబడి అరిచింది. అచ్చంగా కోడిపుంజుని తిట్టే గొంతు.

బడి బడంతా ఘొల్లుమంది. లమై టీచరు "రెండు, ఒకటి" అనేసి, పైటకొంగేం లేదు కాబట్టి నల్లబల్ల తుడిచే గుడ్డతోనే మొహం తుడుచుకుంది. మొహమంతా సుద్ద.

"రెండు చోట్ల తడబాటు," అని ఆఫీసరు ఫారం మీదికి వంగాడు. "ఇంతటితో విచారణ ముగిసింది."

"ఫిర్యాదు నాది సారూ. వెనక్కి తీసుకుంటున్నా," అంది ఫికున్.

"వెనక్కి తీసుకోవడానికి ఇందులో గడి లేదమ్మా."

"నాలుగేళ్ల పిల్లలకే వెనక్కి రావడం వచ్చు ఇక్కడ. మీ ఆఫీసుకి రాదా?"

"రూలు రూలే."

ఫికున్ కళ్లు చిన్నవయ్యాయి. చేప సాసులో నీళ్లు పట్టే కళ్లవి. ఫారం మీదికి మెడ సాచింది.

"సారూ, ఆ మూల చిన్నగా ఏడూ మూడూ అని రాసుకున్నారే, అవి ఏ గడిలోకొస్తాయి?"

కిటికీ ఘొల్లుమంది. ఆఫీసరు చెవులు ఎండు మిరపకాయలయ్యాయి. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, "ఫిర్యాదే అందలేదనుకుంటాను," అని లేచాడు. లేస్తే కుర్చీ కూడా ఆయనతో లేచింది.

అందరూ వెళ్లాక ఫికున్ గుమ్మంలో నిలబడి అడిగింది. "రెండు నెలలు ఊరంతా నీ బుర్ర చెడిందంది. ఒక్క ముక్క నాతో చెప్తే ఏం?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా అక్కా? సాయంత్రానికల్లా దాన్ని కూర్చోబెట్టి, ఊఁ చెప్పు, చెప్పు అని పీకేస్తావు. అదింకా లోపలికి పోతుంది."

"మరి ముందు నుంచి చెప్పి చావచ్చుగా? ఈ వెనక నడక దేనికి?"

"ఒకటి, రెండు అంటే గొంతున్నవాళ్లంతా పరుగందుకుంటారు. ఇలాంటివాళ్లు వాళ్ల కాళ్ల కింద పడిపోతారు. వెనక్కయితే అందరూ తడుముకుంటూ దిగాల్సిందే. ఆ తడుములాటలో కాస్త సందు దొరుకుతుంది." లమై చెప్పులు వేసుకుంది. "నాకూ చిన్నప్పుడు అలాగే దొరికింది."

నీకు నోరు లేని రోజులూ ఉన్నాయా అని ఫికున్‌కి అనుమానం వచ్చింది గానీ, పెట్టుకోలేదు.

మర్నాడు ఊరు ఊరంతా డెబ్బై మూడు కొంది. ఆఫీసు మనుషులు కూడా కొన్నారని వినికిడి. మధ్యాహ్నం రేడియోలో చివరి రెండంకెలు చెప్పారు: ముప్ఫై ఏడు.

సవెంగ్ కొట్టు ముందు కూలబడ్డాడు. "ముప్ఫై ఏళ్లుగా ఆవిడ మనకి నేర్పింది ఒక్కటే కదా పిన్నీ, వెనక నుంచి చదవమని! ఒక్కడికీ తట్టలేదే!"

"నీకు తట్టనిది అదొక్కటే అయితే బాగుపడేవాడివి. లే, టీచరమ్మకి చోటివ్వు."

లమై టీచరు బల్ల మీద కూర్చుంది. పక్క ముక్కాలిపీట మీద పూ. ఫికున్ మిరపకాయలు అందుకుని, ఈసారి తనే మొదలుపెట్టింది.

"మూడు... రెండు..."

ఆగింది. చివరి మిరపకాయ రోటి మీద గాల్లో ఉంది. ఫికున్ నోరు తెరుచుకుని, రాని మరుపు తెచ్చుకుని చూస్తోంది.

పూ కొట్టు ముందున్న మనుషుల్ని చూసింది. టీచర్ని చూసింది. కళ్లు చిన్నవి చేసి అమ్మమ్మని అచ్చం అమ్మమ్మలాగే చూసింది.

"నీకు నిజంగా రాదా, నాటకమా?"

"రాదే తల్లీ."

"ఒకటి," అంది పూ, వీధి మలుపు దాకా వినిపించేలా. ఇంకా నమ్మకం కుదరక ఆ మిరపకాయ రోట్లో పడేదాకా కన్నార్పలేదు.

సవెంగ్ జేబులోంచి పెన్సిలు తీసి అరచేతిలో రెండు, ఒకటి అని రాసుకున్నాడు. కాసేపు ఆలోచించి, ఉమ్మితో చెరిపేసి, ఒకటి, రెండు అని రాసుకున్నాడు.