లవంగనూనె వాసన పోయేదాకా

మా పళ్ల డాక్టరమ్మ గారు మరణించారన్న కబురు, బడికి వెళ్లేందుకు నరసరావుపేట బస్టాండులో గురజాల బస్సు ఎక్కబోతుండగా తెలిసింది. ఆమె ఆసుపత్రి పక్కన సైకిల్ షాపు నడిపే సాయిబు గారు చెప్పారు. "మేస్టారూ, డాక్టరమ్మ పోయిందండీ. తెల్లారుజామున, నిద్దట్లోనే." బస్సెక్కాను గాని కూర్చోలేకపోయాను. ఊరి పొలిమేర దాటకముందే దిగి వెనక్కి నడిచాను.

పత్తి మిల్లులో పనిచేస్తూ, రాత్రి బడిలో చదివి, నలభై దాటాక పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేను. అదే బడిలో తెలుగు చెప్పమని పెద్దలు అడిగినప్పుడు, నా శ్రమకు తగిన గౌరవం దక్కిందనుకున్నాను. సరిగ్గా ఆ నెలలోనే ముందు పన్ను చిగురు దాకా విరిగింది. "స" అనబోతే గాలి వచ్చేది. నా ఎదుట కూర్చోబోయేవారు మెకానిక్కులు, తాపీ పనివారు, మిల్లులో నాతోపాటు బేళ్లు మోసినవారు. వారి ఎకసెక్కాలు నాకు కొత్త కావు.

పంటి వేరులోని సన్నని కాలువను శుభ్రం చేసి, అందులో లోహపు పుల్లనొకటి అతికించి, దానిమీద కొత్త పన్ను నిలబెడతానన్నారు డాక్టరమ్మ గారు. అతికించే సిమెంటు అప్పుడే కొత్తగా వచ్చినది. కాలువ గోడల మీద పాత మందు మిగిలినా, తడి మిగిలినా అది పట్టదు. అందుకని సూదులతో గీకేవారు, కడిగేవారు, సన్నని కాగితపు పుల్లలతో తుడిచేవారు. ప్రతి పుల్లనూ కిటికీ వెలుగులో తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకొనేవారు. తృప్తి కలగకపోతే మళ్లీ మొదటికి. నేను గోడ గడియారం వంక చూస్తూ కుదురులేక కదిలేవాణ్ణి.

"కాళ్లాడించమాక. నేను చూసేది పన్ను, కాళ్లు కాదు" అనేవారు.

సోమవారం సాయంత్రం మొదటి పాఠం. ఆ ఉదయమే పన్ను అతికించాలి. నొప్పి తెలియకుండా ఉంటుందని, బయలుదేరేముందు మా ఇంటావిడ డాక్టరమ్మ గారు పెట్టిన దూది తీసి, లవంగనూనెలో ముంచిన దూది అక్కడ కుక్కింది. మా ఇళ్లలో పంటికి ఎరిగిన మందు అదొక్కటే.

నోరు తెరవగానే డాక్టరమ్మ గారి చేయి ఆగింది.

"లవంగనూనె ఎవరు పెట్టారయ్యా?"

"మా ఇంట్లో ఆవిడండీ."

"అయితే పన్ను గూడా ఆవిడనే పెట్టమను."

"అమ్మా, సాయంత్రం పాఠం చెప్పాలి. ఇట్లా పోతే నవ్వుతారు. ఎట్లాగోట్లా అతికించండి."

"నూనె గోడలకి పట్టింది. దాని మీద ఈ సిమెంటు గట్టిపడదు. ఇయ్యాల పెడితే పాఠం మధ్యలో ఊడి నీ పుస్తకంలో పడుద్ది."

"పోనీ, తాత్కాలికంగా?"

"తాత్కాలికంగా పెట్టే ముద్దలోనూ ఈ లవంగనూనే ఉంటది. మళ్లీ మొదటికొస్తాం. నవ్వుతారు, నవ్వనీ. కాసేపు నవ్వి వాళ్లే ఊరుకుంటారు."

స్పిరిట్‌తో కడిగి, పొడి దూది పెట్టి పంపారు. సెలవైనా తీసుకోకుండా మెట్లు దిగాను.

ఆ సాయంత్రం తొలి వాక్యం చదవగానే వెనక బల్ల నుంచి ఒక మెకానిక్కు, "సారూ, గేటు తీసే ఉందే" అన్నాడు. గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. అదే వాక్యం మళ్లీ చదివాను, ఆ పైన మూడో వాక్యం దాకా చదివాను. వారు పుస్తకాల్లోకి తలలు వంచారు. కాసేపటికి ఆ మెకానిక్కే, "ఆ మాటకి అర్థం ఏందండీ?" అని అడిగాడు.

మరునాడు ఆమె మొదట అడిగింది పంటి సంగతి కాదు.

"నవ్వారా?"

"నవ్వారండీ."

"ఊరుకున్నారా?"

"ఊరుకున్నారు."

మళ్లీ గీకారు, కడిగారు, తుడిచారు. చివరి పుల్లను నా ముక్కు దగ్గర పెట్టి, "నువ్వే చెప్పు" అన్నారు. ఏ వాసనా లేదు. అప్పుడు సిమెంటు కలిపారు.

బస్సు దిగి వచ్చేసరికి ఆసుపత్రి తలుపు మూసి ఉంది. ఆమెను అప్పటికే సొంతూరికి తీసుకెళ్లారట. కిటికీ అద్దంలోంచి ఆ కుర్చీ కనబడుతోంది. అప్పటికే షాపుకు తిరిగొచ్చిన సాయిబు గారు స్టూలు తెచ్చి వేసినా కూర్చోలేదు. బడికి వేళవుతోందని తెలుసు. కాళ్లు కదలలేదు. నాలుక మాత్రం మాటిమాటికీ పోయి ఆ పంటిని నెట్టి చూస్తోంది. అది కదలడం లేదు.