పెళ్ళికారుకు నేను పోసిన నూనె

మా రూతక్క పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఎవరు ఎదురైనా, పెళ్ళికూతురి చీర గురించి గానీ విందు గురించి గానీ ఒక్క మాట మాట్లాడరు. "నువ్వేనా బాబూ, ఆ కారుకి..." అని ఆగిపోతారు. నవ్వొచ్చి ఆగిపోతారు. నేనేనండీ. పంతొమ్మిది వందల డెబ్బైల్లో, నా ఇరవై రెండేళ్ళ వయసులో, పటమటలో మా ఇంటి పెరట్లో, పట్టపగలు, ఒంటి మీద పూర్తి తెలివితో ఆ ఘోరం చేశాను. వివరంగా చెబుతాను. కాస్త గర్వంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

మా నాన్న మా చిన్నప్పుడే పోయారు. అక్కనూ నన్నూ పెంచింది మా పెదనాన్న. ఆయన ఓడల్లో ఇంజను పని చేసి రిటైరై వస్తూ, మద్రాసులో ఎవరో అమ్ముకుంటున్న అమెరికా కారు ఒకటి కొనుక్కొచ్చారు. పడవంత కారు. దాని గొప్పంతా స్టీరింగులో ఉంది. ఊళ్ళో మిగతా కార్ల స్టీరింగు తిప్పాలంటే తిరగలి విసిరినంత పని. ఈ కారు స్టీరింగు చూపుడువేలితో తిరిగేది. లోపల ఎర్రటి నూనె ఉండి, పంపు దాన్ని తోస్తుంటే మన బలానికి పదింతల బలం తోడవుతుందన్నమాట. పెదనాన్న ఒక చేత్తో మీసం దువ్వుకుంటూ, ఇంకో చేతి వేలితో బందరు రోడ్డు మలుపులు తిప్పుతుంటే, పక్కన కూర్చున్న నాకు ఆ మీసం నాదే అన్నంత గర్వంగా ఉండేది.

అక్కకు ఉయ్యూరులో సంబంధం కుదిరింది. పెళ్ళి వాళ్ళ ఊరి చర్చిలో. అంతా బాగానే ఉంది గానీ, అటువైపు ఎవరో "తండ్రి లేని పిల్ల, వెనకాల ఎవరున్నారు?" అన్నారని మా చెవిన పడింది. పెదనాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి, "రూతు మన కారులో దిగుతుంది. ఒంటివేలితో చర్చి గేటులోకి తిప్పుతాను. వెనకాల ఎవరున్నారో వాళ్ళే చూస్తారు" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఆ స్టీరింగు మూలగడం మొదలుపెట్టింది.

మెకానిక్ మస్తాన్ గారు వచ్చి బానెట్టు ఎత్తి చూశారు. "నూనె నల్లబడిపోయిందండీ. మార్చాలి. షెడ్డుకి పంపండి, ఒక్కపూట పని."

"షెడ్డెందుకండీ? నేను మారుస్తా. కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం మొత్తం చదివాను" అన్నాను నేను.

"పుస్తకం చదివారా బాబూ? అదృష్టవంతులు. నాకు చదువు రాదు, అందుకని చేతుల్తో చేసుకుంటున్నా" అన్నారు మస్తాన్ గారు చాలా మర్యాదగా.

పెదనాన్న నా వంక చూశారు. "ఒరేయ్ శామ్యూల్, స్టీరింగు మళ్ళీ వేలితో తిరిగేట్టు చేశావనుకో, పెళ్ళిరోజు మీ అక్కని నువ్వే తీసుకెళ్దువు గాని."

పిచ్చివాడి చేతికి రాయి ఇవ్వకూడదంటారు. స్పానరు గురించి పెద్దలెవరూ చెప్పలేదు.

మస్తాన్ గారి దగ్గర ఆ ఎర్ర నూనె పెద్ద డబ్బాలో ఉంది. సీసా తెచ్చుకోమన్నారు. మా అమ్మకు ఖాళీ సీసాలు దాచే అలవాటు. వంటింటి అటక మీద నుంచి ఒకే రకం షర్బత్ సీసాలు రెండు దింపింది. ఒకటి నాకిచ్చింది. రెండోది తన పనికి ఉంచుకుంది.

ఆ పనేమిటో చెప్పాలి. అది ఆవకాయల కాలం. కలిపిన మూడోనాడు జాడీ తిరగకలిపితే పైకి ఎర్రటి నూనె తేలుతుంది కదా, దాన్ని మా అమ్మ పల్చటి గుడ్డలో వడకట్టి సీసాకెత్తేది. ముక్క కొరకలేని ముసలివాళ్ళకు వేడన్నంలో వేసుకోవడానికి. ఆ ఏడు ఆ సీసా పెళ్ళికొడుకు నాయనమ్మ సువార్తమ్మ గారికి. ఆవిడకు పళ్ళు లేవు.

ఎండకు నూనె వేడెక్కుతుందని నా సీసా కూడా తెచ్చి వంటింటి గూట్లో అమ్మ సీసా పక్కనే పెట్టాను.

"ఒరే, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నీదానికి గుర్తేదన్నా పెట్టుకో" అంది అమ్మ.

"బీయస్సీ చదివినవాణ్ణమ్మా! ఆవకాయ నూనెకీ అమెరికా నూనెకీ తేడా తెలీదా నాకు?"

మర్నాడు బానెట్టెత్తి, పుస్తకం రాటకు ఆనించి, పని మొదలుపెట్టాను. గొట్టం ఊడదీశాను. పాత నూనె బకెట్లోకి సగం, నా చొక్కా మీదికి సగం దిగింది. గొట్టం బిగించి, గూట్లోంచి సీసా తెచ్చి, గరాటు పెట్టి, చర్చిలో పాదిరిగారు ద్రాక్షరసం పోసినంత భక్తితో పోశాను. వాసన రాలేదా అంటారేమో. వారం రోజులుగా ఇల్లంతా ఆవపిండీ వెల్లుల్లీ అయి ఉంది. నా ముక్కు ఎప్పుడో సమ్మె చేసింది.

ఇంజను వేశాను. వేలు పెట్టాను. తిరిగింది! వెన్నలో గరిటె తిరిగినట్టు తిరిగింది. పెదనాన్న తానూ తిప్పి చూసి, తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ క్షణంలో నేను నేల మీద లేను. ఆ సాయంత్రమే అమ్మ రెండో సీసాకు బిరడా బిగించి, ఉయ్యూరు వెళుతున్న బంధువుల చేత పంపేసింది.

నాలుగు రోజులకు పెళ్ళి. తెల్లచీరలో, తెల్లటి ముసుగులో అక్క, పక్కన అమ్మ వెనక సీట్లో. ముందు సూటు వేసుకుని పెదనాన్న. ఆయన ప్రార్థన చేశాక బయలుదేరాం. కంకిపాడు దాకా రాజాలా నడిపాను. ఇంజను వేడెక్కింది. అప్పుడు మొదలైంది వాసన.

"ఆవకాయ తెచ్చావా అమ్మాయ్?" అన్నారు పెదనాన్న, వెనక్కి తిరగకుండానే.

"పెళ్ళికి ఆవకాయెందుకు తెస్తానండీ బావగారూ?" అంది అమ్మ.

"అమ్మా, నాకు ఆకలేస్తోంది" అంది పొద్దున్నుంచి బెంగతో మంచినీళ్ళు కూడా ముట్టని పెళ్ళికూతురు.

నాకు ఆకలి వెయ్యలేదు. ఎందుకంటే స్టీరింగు బిగుస్తోంది. మొదట వేలు చాలలేదు. తర్వాత చెయ్యి చాలలేదు. తర్వాత రెండు చేతులూ, భుజాలూ, చివరికి పళ్ళు కూడా బిగించాల్సి వచ్చింది. ముందు పంపు మూలుగుతోంది, లోపల నేను మూలుగుతున్నాను, ఏది ఎవరిదో తెలియడం లేదు.

"ఏరా, వేలితో తిరుగుతోందా?"

"తిరుగుతోంది పెదనాన్నా" అన్నాను, చెమట కళ్ళలోకి కారుతుంటే.

"అదేంటి, అట్లా లేచి నిలబడి తిప్పుతున్నావు?"

"రోడ్డు బాగా కనబడాలని."

చర్చి గేటు వచ్చింది. అటూ ఇటూ పెళ్ళివారంతా వరసగా నిలబడ్డారు. ఎడమకు తిప్పాను. తిరగలేదు. ఇంకా లాగాను. కారు గేటు వదిలేసి తిన్నగా బ్యాండువాళ్ళ మీదికి పోతోంది. వాళ్ళు వాయించడం ఆపలేదు గానీ వాయిస్తూనే పరిగెత్తారు. అప్పుడు పెదనాన్న తన రెండు చేతులూ నా చేతుల మీద వేశారు. "పట్టు! లాగు! ఇంకోసారి!" ఇద్దరం కలిసి ఓడ తిప్పినట్టు తిప్పాం. కారు ఘీంకరించి గేటులోకి తిరిగి, మెట్ల ముందు సరిగ్గా ఆగింది. బానెట్టు లోంచి పొగ. పొగ నిండా వెల్లుల్లి. జనంలో కొందరు గుటకలు మింగడం నా కళ్ళారా చూశాను.

అక్క లోపలికి వెళ్ళింది. పెళ్ళి జరిగింది. బయటికొచ్చాక, పెళ్ళికని వచ్చిన మస్తాన్ గారు బానెట్టెత్తి, నూనెలో వేలు ముంచి వాసన చూశారు. అనుమానం తీరక నాలిక్కి రాసుకున్నారు. కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"బాబూ, నూనె బాగానే ఉంది గానీ ఉప్పు తగ్గింది."

"ఉప్పు తగ్గడమేంటి?" అంటూ మా అమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. తానూ వేలు ముంచి చప్పరించింది. "ఇది నా చేతి ఆవకాయే. ఉప్పు సరిగ్గా ఉంది. వేడికి మీకట్లా అనిపిస్తోంది." అని, ఆ తర్వాత తెల్లబోయింది. "మరి సువార్తమ్మ గారికి నేను పంపిందేంటి?"

పళ్ళు లేని ముసలావిడ వేడన్నంలో కారు నూనె కలుపుకుంటున్నట్టు కళ్ళ ముందు కనబడింది. పందిట్లోకి పరిగెత్తాను. నా వెనక అమ్మ, అమ్మ వెనక పెదనాన్న. ఆవిడ ముందువరసలో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మామ్మగారూ, మా అమ్మ పంపిన సీసా... అన్నంలో వేసుకున్నారా?"

"అన్నంలోనా?" అన్నారావిడ. "పళ్ళు లేవు గానీ నాకు ముక్కుంది నాయనా. వెల్లుల్లి వాసన లేనిది ఆవకాయ నూనెట్లా అవుద్ది? మోకాళ్ళకి పంపారనుకుని రెండుపూటలా రాయించుకుంటున్నా." అంటూ లేచి, చేతికర్ర కుర్చీకే వదిలేసి నాలుగడుగులు వేసి చూపించారు. "ఏం నూనె అది?"

నేను నోరు తెరిచేలోగా పెదనాన్న ముందుకొచ్చారు. పరువు కోసం అన్నం మానేసిన మనిషి అబద్ధం చెబుతారనుకున్నాను. చెప్పలేదు. "మా కారు నూనెండీ. మావాడు సీసాలు మార్చేశాడు. తప్పు మాదే."

ముసలావిడ ఆయన వైపు తిరిగారు. తర్వాత మెల్లగా అన్నారు. "తండ్రి లేని పిల్లకి వెనకాలెవరున్నారని అడిగింది నేనేనయ్యా. ఇందాక గేటు దగ్గర చూశాను, నువ్వూ ఈ కుర్రాడూ కలిసి ఆ చక్రం తిప్పడం. ఇక ఎవర్నీ అడగను." అని కూర్చుని, మోకాలు నిమురుకుంటూ, "సీసా అయిపోవస్తోంది. ఇంకోటి ఎప్పుడు పంపుతారు?" అన్నారు.

పెదనాన్న ఆ రోజు నన్ను తిట్టలేదు. కారును తాడుకట్టి షెడ్డుకి లాక్కెళుతుంటే, ఎదురైన ప్రతివాడికీ, "పటమట నుంచి ఉయ్యూరు దాకా ఆవకాయ మీద నడిపాడండీ మావాడు! అమెరికావాడి వల్ల అవుద్దా?" అని చెప్పుకుంటూ వచ్చారు. నేనూ కాదనలేదు.

ఒట్టు వేయకూడదని మా పాదిరిగారు చెబుతారు కనుక, ఆ సాయంత్రం స్పానరు గుండెకు హత్తుకుని ఉత్తి మాటగా అనుకున్నాను: ఈ జన్మలో ఏ కారుకూ నూనె మార్చను. ఈ మాట నేటి వరకూ తప్పలేదు. అందులో నా గొప్పేమీ లేదు లెండి. సువార్తమ్మ గారు బతికున్నన్నాళ్ళూ ప్రతి వేసవికీ మా ఇంటి నుంచి ఉయ్యూరుకు రెండు సీసాలు వెళ్ళాయి, ఒకటి అన్నానికి, ఒకటి మోకాళ్ళకు. వాటిని అందుకునేటప్పుడు, తెచ్చిన మనిషిని ఆవిడ ముందుగా అడిగేది ఒకటే ప్రశ్న: "శామ్యూల్ వీటిని ముట్టుకోలేదు కదా?"