ఎనిమిది మీద ఒక కొసరు

సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు మొదలైంది. పదింటికి వస్తామని చెప్పి ఆలస్యంగా వచ్చారు కాబట్టి ఆ పది నిమిషాలు కూడా రాసుకున్నాను.

కర్నూలు నుంచి ఒక నాట్య బృందం మా కోసిగి బడికి వచ్చింది. ఆరు రోజులు పిల్లలకూ ఊళ్లో ఆడవాళ్లకూ కలిపి నేర్పి, శనివారం సాయంత్రం బడి ఆవరణలో ఆడిస్తారు. నేను ముప్పై నాలుగేళ్లు ఆ బడిలోనే లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. అందుకని అంకెలు చెప్పే పని నాకిచ్చారు. నా పాత చెక్క స్కేలు తీసుకెళ్లాను, బల్ల మీద కొట్టడానికి.

పిల్లలు పన్నెండు మంది ఒక వరుస, ఆడవాళ్లు పన్నెండు మంది ఎదురు వరుస. మీరు రోజూ చేసే పనినే ఆటలో పెడదాం అంది బృందం నడిపే అమ్మాయి. ఆడవాళ్లు శనక్కాయలు కొలవడం చూపించారు. వంగి నింపి, సంచిలో పోయడం. అంకెకు ఒక సేరు. ఎనిమిది కాగానే రెండు వరుసలూ ఎదురెదురుగా తిరిగి అరచేతులు కలపాలి.

నేను ఒకటి అన్నాను. ఆడవాళ్లు లాభం అన్నారు. కొలిచేటప్పుడు మా వైపు ఒకటి అనరు, లాభం అంటారు. దానికి నాకు అభ్యంతరం లేదు, దెబ్బ దెబ్బే. కానీ ఎనిమిదికి పిల్లలు తిరిగి చేతులు చాపితే ఆడవాళ్లింకా వంగే ఉన్నారు. సంచిలో గుప్పెడు కొసరు వేసి, అప్పుడు లేచారు. ఈలోపు పిల్లలు రెండో చుట్టు ఎత్తుకున్నారు.

"కొసరు వద్దమ్మా, ఎనిమిదితో ఆపేయండి" అంది అమ్మాయి.

"కొసరు ఎయ్యకుండా సంచి మూతి కడితే ఊరంతా నవ్వదా?" అంది వరుస మధ్యలో ఉన్నామె. ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో ఎక్కం దగ్గరే ఆగిపోయిన పిల్ల.

"ఇక్కడ సంచే లేదు కదమ్మా."

"లేదని చేతికి తెలుస్తాదా?"

మంగళవారం నలభై చుట్లు ఆడితే నలభైసార్లూ కొసరు పడింది. బుధవారం నలభై ఆరుకు నలభై ఆరు. గురువారం అమ్మాయి విసిగిపోయి, ఆడవాళ్ల ఆట వేరే పెట్టేస్తానంది.

టీలు తాగుతుంటే వరుస మధ్యలో ఉండే ఆమె నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"టీచరమ్మా, ఆదివారం సుగ్గికి పోతాండాం." గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోవడాన్ని మావాళ్లు సుగ్గి అంటారు. "మూడు నెల్లు మా పాప అవ్వ కాడ ఉంటాది. పోయేలోపల దాని ఎదురుగా నిలబడి ఆడతానని మాటిచ్చినా. ఏమన్నా చెయ్యండి."

"కొసరు మానుకో."

"అదొక్కటి తప్ప చెప్పండి."

సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి వెళ్లాను. పిల్లలవి ఎనిమిదేసి తొమ్మిది చుట్లు. ఆడవాళ్లవి కొసరుతో కలిపి తొమ్మిదేసి ఎనిమిది చుట్లు. రెండూ డెబ్బై రెండే. అరవై నాలుగుకు ముగిసే ఆటను ఇంకో ఎనిమిది పొడిగిస్తే చాలు, చివర చేతులు కలుస్తాయి.

అమ్మాయి రెండుసార్లు గుణించి చూసుకుంది. "అప్పటిదాకా ఒక్కసారీ కలవవు కదమ్మా?"

"కలవవు. చూసేవాళ్లు ఎదురుచూస్తారులే."

శనివారం నాలుగూ ఇరవైకి స్కేలు ఎత్తాను. పిల్లల చేతులు గాలిలో మిగిలినప్పుడల్లా జనం నవ్వారు. "పాప చెయ్యి చాపి శానాసేపాయ, చూడమ్మే" అని వెనకనుంచి ఎవరో ఎగతాళి. నాలుగో చుట్టులో ఒక పిల్ల గజ్జెల తాడు తెగింది. నేను అంకె ఆపలేదు.

డెబ్బై ఒకటి. డెబ్బై రెండు. తల్లి కొసరు వేసి లేచి తిరిగింది, కూతురి అరచేతులు ఎదురుగా ఉన్నాయి. కలిశాయి.

అక్కడ ఆగాలి. ఆ పిల్ల ఆగలేదు. వంగి, నేలమీంచి ఖాళీ గుప్పెడు తీసి తల్లి కొంగులో వేసింది. అది చూసి మిగతా పదకొండు మంది పిల్లలూ ఎదుటివాళ్ల కొంగుల్లో వేశారు. వద్దనడానికి ఎత్తిన స్కేలు బల్ల మీద పడింది. డెబ్బై మూడు.

ఆదివారం ఉదయం ఆరుంబావుకు సుగ్గికి పోయేవాళ్ల బండి వెళ్లింది.

పోయినవి: గజ్జెలు నాలుగు. గేటు దగ్గర విడిచిన నా చెప్పు, ఎడమ కాలిది. ఆడవాళ్ల వరుసలో ఏడుగురు, మూడు నెలలకు. నా లెక్క, ఒకటి తేడాతో.