గండి కొట్టిన రొయ్యల చెరువు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో బుజ్జమ్మ మెస్‌కి పేరు తెచ్చింది పండుగప్ప పులుసు. కాకినాడ దగ్గర, ఉప్పుటేటి ఒడ్డునున్న పుట్టింటి నుంచి తమ్ముడు వరప్రసాద్ మంచుపెట్టెల్లో చేపలు రైలుకి వేసేవాడు. తొంభైల చివరికొచ్చేసరికి ఆ పెట్టెల్లో మంచే మిగిలింది.

“ఏందక్కా, పండుగప్పకు పండుగ సెలవులిచ్చిన్రా?” అన్నాడు ప్రేమ్‌రాజ్. అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణంలో పనిచేసే అతనికి రోజూ భోజనం అక్కడే.

“తమ్ముణ్ణి కడిగేసి వస్తానుండు.”

“నేను గూడ వస్తా. సముద్రం ఎన్నడు జూడలే.”

తీరా వెళ్తే, బుజ్జమ్మ చిన్నప్పుడు పీతలు పట్టిన మడ అడవి లేదు. ఆ చోట వరసగా రొయ్యల చెరువులు, రోగమొచ్చి వదిలేసినవి. వాటిలో ఒకటి వరప్రసాద్‌దే. ఆ సంగతి అతను అక్కకి చెప్పనే లేదు.

“అందరూ తవ్వుతుంటే నేనూ తవ్వానక్కా,” అన్నాడు తల దించుకుని. “మడాకు రాలి కుళ్లితే రొయ్యపిల్లలు తింటాయి. వాటిని చిన్నచేపలు, చిన్నచేపల్ని పండుగప్పలు. చెట్లు కొట్టేశాక ఒకదాని వెనక ఒకటి అన్నీ పోయాయి.”

బుజ్జమ్మ కాసేపు గట్టు మీద తిరిగి, కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

“పలుగెక్కడుందిరా? పోటు నీళ్లు లోపలికొస్తేనే మడ మళ్లీ లేస్తుంది.”

ముగ్గురూ కలిసి గట్టుకి గండి కొట్టారు. పోటు నీళ్లు చెరువులోకి ఉరికొచ్చాయి. నీళ్లు వెనక్కి తగ్గాక బురదలో మడ మొక్కలు నాటుతుంటే ప్రేమ్‌రాజ్ మోకాళ్ల దాకా దిగబడ్డాడు.

“జర గుంజుండ్రి. చెప్పు లోపల్నే ఉండిపాయె.”

గట్టు మీంచి చూస్తున్న ఊరి ఆడవాళ్లు నవ్వాపుకోలేక కూలబడ్డారు. తర్వాత వాళ్లూ దిగి తలా ఒక చెయ్యి వేశారు.

సగం మొక్కలు చచ్చిపోయాయి. మళ్లీ నాటారు. అన్నాళ్లూ బుజ్జమ్మ మంచినీటి చెరువుల్లో పెంచే బొచ్చె చేపతోనే మెస్ నడిపింది. కొందరు మూతి ముడిచి వేరే హోటల్ చూసుకున్నారు. పోనీలెమ్మనుకుంది.

రెండువేల మూడు వానాకాలంలో వరప్రసాద్ ఫోన్ చేశాడు.

“అక్కా, మడ వేళ్ల మధ్య వేలెడేసి పండుగప్ప పిల్లలు తిరుగుతున్నాయి.”

“వల వేశావంటే చెయ్యి విరగ్గొడతాను.”

“వెయ్యనులే. చూడ్డానికి రా.”

ఆ సాయంత్రమే బుజ్జమ్మ మెస్‌కి తాళం వేసి రైలెక్కింది. ప్రేమ్‌రాజ్‌తో ఈసారి అతని భార్య జిప్పోరా కూడా బయల్దేరింది. ఆమె దారికని కట్టుకొచ్చిన పులిహోరని, కాజీపేట రాకముందే ముగ్గురూ కబుర్లాడుకుంటూ ఖాళీ చేసేశారు.